తాబేలు దేవసహాయం గారు ఏమన్నారు?

"మామ్మా, ఆ పచ్చ బటన్ నొక్కు. తొందరగా!" అన్నాడు వెస్లీ.

"ఉండరా. దేవసహాయం గారు ఏదో చెబుతున్నారు కదా. ఏమంటున్నారో ముందు చదువు," అంది మామ్మ.

దేవసహాయం గారంటే మనిషి కాదు. ట్యాబ్‌లో మామ్మ ఆడే ఆటలో ఒక ముసలి తాబేలు. ఆ పేరు పెట్టింది కూడా మామ్మే. పెదపాడులో వాళ్ల చర్చికి వచ్చే అసలు దేవసహాయం గారు మెల్లగా నడుచుకుంటూ, రెండో పాట అయ్యాక గానీ లోపలికి అడుగు పెట్టరు. తాబేలు నడక చూడగానే మామ్మకు ఆయనే గుర్తొచ్చారు. పాపం, ఆ సంగతి ఆయనకు ఇప్పటికీ తెలియదు.

వెస్లీ ఆరో తరగతి. 'పింపి జంప్' ఆటలో వాడికి తిరుగు లేదు. పింపి అనే ఉడుత కొమ్మల మీద పరుగెత్తుతూ, గోతులు దూకుతూ పోతుంటుంది. ఆ వరసలో వచ్చిన ఆటలన్నీ వాడు ఊదిపారేశాడు. మామ్మ ఒకసారి సరదాపడి ఆడింది. ఉడుతను మొదటి గోతిలోనే పడేసి, "నాలాగే జారిపడింది పాపం," అని ట్యాబ్ వాడి చేతిలో పెట్టేసింది.

తర్వాత అదే ఉడుతతో ఇంకో రకం ఆట వచ్చింది. దాని పేరు 'పింపి టీమ్'. ఇందులో పరుగులు లేవు. ఉడుత ఊరూరా తిరుగుతూ కప్ప, దెబ్బలకు మందు రాసే తాబేలు లాంటి స్నేహితుల్ని కలుపుకుంటుంది. దారిలో అందరితో మాట్లాడుతుంది. పోట్లాట వచ్చినా వంతుల ప్రకారమే. మన వంతు వచ్చాక మనం బటన్ నొక్కేదాకా శత్రువు కూడా బుద్ధిగా నిలబడి ఉంటాడు. వీడియో గేములు కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే దాన్ని తయారుచేశారు.

"ఇదేదో మర్యాదస్తుల ఆటలా ఉందే!" అని మామ్మ సంబరపడింది.

మామ్మ ఆటలో పడినందుకు ఇంట్లో అందరూ సంతోషించారు. దానికి కారణం ఉంది. వేసవిలో ఆమె పెరట్లో కాలు జారి పడింది. కుడిచేతి మణికట్టు విరిగింది. ఏలూరులో కట్టు కట్టారు. కట్టు విప్పేసరికి వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. ఫిజియోథెరపీ చేసే ఇందు మేడమ్ ఒక మెత్తటి బంతి ఇచ్చి, రోజూ నొక్కమన్నారు.

"బంతాట ఆడటానికి నేనేమన్నా చంటిపిల్లనా?" అని మామ్మ ఆ బంతిని మంచం కిందకు తోసేసింది.

ట్యాబ్ మీద బటన్లు మాత్రం ఇష్టంగా నొక్కేది. ఉడుతకు చూపుడువేలు, కప్పకు నడిమివేలు, తాబేలుకు ఉంగరపు వేలు అని తనే పంచుకుంది. మెల్లగా కుడిచేత్తో గ్లాసు పట్టుకోగలిగింది. ఒకరోజు జడ కూడా తనే వేసుకుంది. ఆ రోజు వెస్లీ వాళ్లమ్మ ప్రసన్నకుమారి ఆనందం పట్టలేక సేమ్యా పాయసం చేసింది.

ఒక్కటే చిక్కు. ఆటలో మాటలన్నీ ఇంగ్లీషులో వస్తాయి. మామ్మకు ఇంగ్లీషు రాదు. వెస్లీ చదివి తెలుగులో చెప్పాలి. ఆ ఆటలో చెట్టు దగ్గర నుంచి పుట్ట దాకా అందరూ వాగుడుకాయలే.

సాయంత్రం ఇంట్లో ప్రార్థన జరిగినప్పుడు బైబిల్ చదివేది కూడా వెస్లీయే. అక్కడ వాడి ఆటలు సాగవు. ఒక్క వాక్యం ఎగ్గొట్టినా, మామ్మ కళ్లు మూసుకునే, "ఒక వచనం మింగేశావు నాయనా, వెనక్కి వెళ్లు," అనేది. ఆమెకు అన్నీ నోటికి వచ్చు. కానీ ఉడుత మాటలు నోటికి రావు కదా. వాడు ఏది చెబితే అదే.

ఇప్పుడు తాళ్ల వంతెన దగ్గర ఉడుత, కప్ప, తాబేలు నిలబడి ఉన్నాయి. తాబేలు మాటలు తెర నిండా ఉన్నాయి. బయట గేటు దగ్గర నాగసాయి బ్యాటు పట్టుకుని అరుస్తున్నాడు.

"ఒరే వెస్లీ! వస్తావా, రావా? జట్లు కట్టేస్తున్నాం!"

వెస్లీ తెర వైపు సరిగా చూడను కూడా లేదు. "ఏం లేదు మామ్మా. 'పదండి, వంతెన దాటుదాం' అంటున్నారు."

"అంతేనా? అంత పొడుగు రాసుంది కదరా?"

"ఇంగ్లీషులో అలాగే పొడుగ్గా రాస్తారు మామ్మా."

మామ్మ నమ్మింది. పచ్చ బటన్ నొక్కింది. వెస్లీ అప్పటికే గేటు దాటేశాడు.

చీకటి పడకముందే వాడు ఇంటికి వచ్చేసరికి మామ్మ ట్యాబ్ పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"దేవసహాయం గారు వెళ్లిపోయార్రా," అంది. "వంతెన అవతల చూస్తే ఆయన లేరు. పీతల రాజొకడు వచ్చి ఉడుతనీ కప్పనీ చావగొట్టాడు. మందు రాసే ఆయన లేరాయె. ఎన్నిసార్లు ఆడినా ఓడిపోయాం."

వెస్లీ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఈ చెయ్యి పాడుగాను," అంది మామ్మ, తన కుడిచేతిని చూసుకుంటూ. "నువ్వు ఒకటి చెబితే ఈ వంకర వేలు ఇంకోటి నొక్కేసినట్టుంది. నీ తప్పేం లేదులే. వెళ్లి కాళ్లు కడుక్కో."

అప్పుడే చెప్పేస్తే పోయేది. కానీ పక్కనే అమ్మ ఉంది. రేపు చెబుదాంలే అనుకున్నాడు వెస్లీ. మర్నాడు కూడా అదే అనుకున్నాడు. అలా రేపు రేపు అంటూ రోజులు దొర్లిపోయాయి.

మామ్మ మళ్లీ ట్యాబ్ ముట్టుకోలేదు. గ్లాసు ఎడమ చేతిలోకి మారింది. జడ మళ్లీ అమ్మే వేస్తోంది. ఆమె జడ అల్లుతుంటే వెస్లీ అటు చూడలేక పుస్తకంలో తలపెట్టేవాడు. ఆ పుస్తకంలో ఏముందో కూడా వాడికి తెలిసేది కాదు.

తర్వాతి వారం మామ్మను ఏలూరు తీసుకెళ్లారు. వెస్లీ కూడా వెళ్లాడు.

ఇందు మేడమ్ మామ్మ వేళ్లు వంచబోయి ఆగిపోయారు. "ఇదేంటండీ మామ్మగారూ! పోయినసారి ఎంత బాగా ముడిచారు! మళ్లీ బిగుసుకుపోయాయి. ఆపేశారా ఏంటండీ? ఇలాగే వదిలేస్తే, తర్వాత నేనేం చేసినా వంగవండీ."

"ఈ చెయ్యి ఇంక నా మాట వినదండీ," అంది మామ్మ. "ఒకటి నొక్కమంటే ఇంకోటి నొక్కుతోంది. వదిలేయండి తల్లీ."

వెస్లీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతిని తిట్టుకుంటోంది మామ్మ. ఆ తిట్లన్నీ తనకు రావలసినవి.

అమ్మ ఇందు మేడమ్‌తో మాట్లాడుతూ లోపలే ఉంది. మామ్మా వాడూ బయట బెంచీ మీద కూర్చున్నారు.

"మామ్మా, నీ వేలు తప్పు నొక్కలేదు," అన్నాడు వెస్లీ. "తాబేలు ఏమందో నేను చదవలేదు. నాగసాయి పిలుస్తున్నాడని ఏదో ఒకటి చెప్పేశాను. పచ్చ బటన్ నొక్కమన్నది నేనే. నువ్వు పచ్చదే నొక్కావు."

మామ్మ వాడి వైపు తిరిగింది. "అంటే... నా వేలు సరిగ్గానే నొక్కిందా?"

"సరిగ్గానే నొక్కింది మామ్మా."

మామ్మ కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "అయ్యో, అనవసరంగా తిట్టానే దీన్ని," అంది. ఉన్నట్టుండి నవ్వేసింది. నవ్వుతూనే పైట చెంగుతో కళ్లు ఒత్తుకుంది. "చెయ్యి చచ్చుపడిపోయిందనే అనుకున్నాన్రా. ఇంక అందరిచేతా చేయించుకోవడమేనని ఎంత బెంగపడ్డానో!"

వెస్లీ గుండెల మీద నుంచి పెద్ద బరువు దిగింది. కానీ పూర్తిగా కాదు.

"నవ్వానని వదిలేశాననుకోకు," అంది మామ్మ. "నువ్వు చదివిందే నాకు తెలిసేది. నువ్వే ఇలా చేస్తే నేనింకెవర్ని అడగను, చెప్పు?"

వెస్లీ తల దించుకున్నాడు. "ఇంకెప్పుడూ చెయ్యను మామ్మా."

"సరేలే. ఇంతకీ వంతెన దగ్గర ఆయన ఏమన్నారు?"

"ఏమో మామ్మా. చదవలేదుగా!"

"భలేవాడివిరా! పద, ఇంటికెళ్లి కనుక్కుందాం."

ఇంటికి రాగానే వెస్లీ ట్యాబ్ తెరిచాడు. మామ్మ ఓడిపోయిన తెర అలాగే ఉంది. అడుగున చిన్న అక్షరాలు కనిపించాయి. వాడు వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు.

"'బాధపడకండి. మొదటిసారి అందరూ ఓడిపోతారు. కావాలంటే వెనకటి గుడారం దగ్గరికి తిరిగి వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ ఆడవచ్చు.' మామ్మా! వెనక్కి వెళ్లొచ్చట!"

గుడారం వంతెనకు ఇవతలే ఉంది. అక్కడ తాబేలు నింపాదిగా నిలబడి ఉంది.

"ఉన్నారు! ఉన్నారు!" అంది మామ్మ, మంచం మీద ముందుకు జరిగి.

వెస్లీ గొంతు సవరించుకుని మొదటి నుంచి చదివి చెప్పాడు. "'పింపీ, ఇది తాళ్లతో కట్టిన వంతెన. నా డిప్ప బరువుకు తెగిపోతుంది. మీరు కాసేపు ఆగితే, నేను దోనె ఎక్కి చుట్టూ తిరిగి వస్తాను. తొందరైతే మీరు వెళ్లండి. నేనేమీ అనుకోను. మా ఇంటికి నేను వెళ్లిపోతాను.' పచ్చ బటన్ నొక్కితే వెళ్లిపోవడం. నీలం బటన్ నొక్కితే ఆగడం."

"ఓరి భడవా, ఇంత మాట అన్నారా!" అంది మామ్మ. "దోనె కోసం ఆగమంటే నేను ఆగనా? మా పుట్టిల్లు కొల్లేటి లంకలోనే కదరా. పెళ్లయిన కొత్తలో దోనె కోసం గట్టు మీద పొద్దంతా కూర్చునేదాన్ని."

ఉంగరపు వేలు కష్టంగా వంచి నీలం బటన్ నొక్కింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. ఎంతసేపటికీ ఏమీ రాలేదు. చివరికి తెర మూల నుంచి చిన్న దోనె, అందులో ఠీవిగా తాబేలు.

"వచ్చేశారు! దేవసహాయం గారు వచ్చేశారు!" అని మామ్మ గట్టిగా అరిచింది.

వంటింట్లో ఉన్న ప్రసన్నకుమారి గరిటె పడేసి, పైట సర్దుకుంటూ పరుగున వచ్చింది. "ఏరండీ అత్తయ్యా? కుర్చీ వెయ్యనా?" అంటూ గుమ్మం వైపు చూసింది.

మామ్మా మనవడూ పొట్టలు పట్టుకుని నవ్వారు. విషయం తెలిశాక అమ్మ వెస్లీ చెవి మెలిపెట్టింది. నవ్వుతూనే మెలిపెట్టినా బాగానే నొప్పి పుట్టింది.

ఆ వారంలోనే పీతల రాజు ఓడిపోయాడు. గ్లాసు మళ్లీ మామ్మ కుడిచేతిలోకి వచ్చింది.

పీతల రాజ్యం దాటాక ఒక నత్తల ఊరు వచ్చింది. ఆ ఊరి పెద్ద ఒక ముసలి నత్త. వచ్చినవాళ్లకల్లా తన తాత ముత్తాతల కథలు చెప్పడం దాని అలవాటు. వెస్లీ ఒక్కో తెరా చదువుతున్నాడు. నత్త ఆపదు. ఆట తయారుచేసినవాళ్లకు ఏం పని లేదేమో!

మామ్మ పెద్దగా ఆవలించింది. "ఒరే, ఈ నత్త సోది నావల్ల కాదు. ఏదో ఒక బటన్ నొక్కేస్తా."

"ఆగు మామ్మా," అన్నాడు వెస్లీ, ఆమె వేలు పట్టుకుని. "ఇంకా రెండు వాక్యాలు ఉన్నాయి. అవి కూడా వినేసి నొక్కు."

గొంతు సవరించుకుని, నత్త వాళ్ల ముత్తాత పెళ్లి ఊరేగింపు గురించి చదవడం మొదలుపెట్టాడు.