దూడల కాగితాల కింద ఉత్తరం

పొద్దుటి పాలు పితకడం అయ్యేసరికి కూడా కిటికీ అద్దాల మీద మంచు కరగలేదు. విస్కాన్సిన్ చలి అలాంటిది. ఆర్విడ్ తాత బూట్లు గుమ్మంలో విడిచి, బల్ల దగ్గర కూర్చుని దూడల ఫలితాలు తీశాడు. దూడ పుట్టిన వారంలోపే చెవి నుంచి చిటికెడు తోలు తీసి పరీక్షకు పంపడం ఆ ఇంటి అలవాటు. వంశం మంచిదైతే మందలో ఉంటుంది. కాకపోతే ఎర్ర పెన్సిల్‌తో గీత, సోమవారం కబేళా లారీ.

"నలభై ఒకటో నంబరు... దీని రక్తం బాగాలేదు," అని గీత గీశాడు తాత.

"నాదీ వచ్చింది తాతా," అంది మారిట్ మెల్లగా.

పెనం మీద అట్టు తిప్పుతున్న తల్లి లొరేన్ నవ్వింది. "నీదేమిటే? రోజుకెన్ని పాలిస్తావో చెప్పారా?"

మారిట్ నవ్వలేదు. పద్దెనిమిది నిండిన మర్నాడే ఎవరికీ చెప్పకుండా ఆస్పత్రికి వెళ్ళి, జన్యు పరీక్షకు గొట్టంలో ఉమ్మి ఇచ్చి వచ్చింది. నాన్న నెల్స్ మెదడులో కణితితో పోయి ఇంకా ఏడాది కాలేదు. ఎనిమిదేళ్ళ కిందట మేనత్త ఇంగా పోయిందీ దానితోనే.

"ఎవరు వెళ్ళమన్నారు నిన్ను?" తాత గొంతు కరుకుగా వచ్చింది.

మారిట్ ఒక పాత ఉత్తరం బల్ల మీద పెట్టింది. "అత్త పోయినప్పుడు ఆస్పత్రివాళ్ళు నీకు రాసిందే. ఇది వంశంలో దిగే లోపం, ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోండి అని. దూడల కాగితాల పెట్టెలో అడుగున దొరికింది."

అట్టు మాడుతున్నా లొరేన్ కదల్లేదు.

"ఎనిమిదేళ్ళు దాచారా మామయ్యా? ఆయన తలనొప్పి అంటే కళ్ళజోడు మార్చుకోరా అన్నారే మీరు!"

"ఆ ఇంటి రక్తమే చెడ్డదంటారమ్మా ఊళ్ళో. గీత పడ్డ పశువు మళ్ళీ మందలో నిలవదు. నా కొడుకు మీద ఆ గీత పడకూడదనుకున్నాను."

"పడలేదు లెండి. లారీ మాత్రం వచ్చి ఎక్కించుకుపోయింది."

ముసలాయన తల వంచుకున్నాడు. మనవరాలి వైపు చూడలేక చూశాడు.

"నీ కాగితంలో ఏముందే తల్లీ?"

"నాకూ ఉంది తాతా."

పెన్సిల్ చేతిలోంచి జారి కింద దొర్లింది. ఎవరూ తియ్యలేదు.

"ఉన్నంత మాత్రాన అందరికీ రాదట," అంది మారిట్, తనకే చెప్పుకుంటున్నట్టు. "ఏటా తల స్కానింగ్ చేస్తే మొదట్లోనే పట్టుకునే వీలుందట. మొదటిది గురువారం, పొద్దున ఎనిమిదింటికి. ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయంగా ఉంది."

యాభై ఏళ్ళలో ఒక్క పూట కూడా పాలు పితకడం మానని మనిషి, కన్నీళ్ళు తుడుచుకోకుండానే అన్నాడు. "నేను తీసుకెళ్తాను. నా ఉమ్మి కూడా తీసుకుంటారేమో అడుగు. నా దగ్గర్నుంచే దిగి ఉంటుంది."

లొరేన్ మాడిన అట్టు కుక్కకు పడేసి, కొత్తది పోసి, పళ్ళెం మామగారి ముందుకు తోసింది. ఆయన మొహం చూడలేదు.

"క్షమించానని కాదు," అంది. "గురువారం పాలు నేను పితుకుతాను. మీరు దాని చెయ్యి వదలకండి."