వెన్నపండు చెట్టుకు విషం

చిత్తూరులో ప్రైవేటు డిటెక్టివు ఆదిమూలం కాఫీ ముగించకముందే జయరావు వచ్చాడు. తిరుచానూరులో ఒంటరిగా ఉంటున్న రిటైర్డు స్టేషను మాస్టరాయన.

"నా వెన్నపండు చెట్టుకు, అదే అవకాడోకు, ఎవరో విషం పెడతాండారు. పక్కింటి ఇమాంసాహెబే. ఆకులు వాళ్ల పెరట్లో రాలతాండాయని పోట్లాడినాడు. మీరు రుజువు చూపిస్తే కేసు పెడతా."

అసిస్టెంటు మునిరామయ్యకు చిన్నతనమనిపించింది. హంతకులను పట్టిన గురువుగారికి చెట్టు కేసా!

"నా భార్య చంద్రకాంతమ్మ బెంగుళూరు నుంచి విత్తనం తెచ్చి పెంచిన చెట్టు. ఈ ఎండలకు బతకదని అందరూ అన్నారు. ఆమె చాపలు కట్టి బతికించింది. ఆమె పాయె. నాకు అదొకటే మిగిలుండాది."

ఆదిమూలం చొక్కా తగిలించుకున్నాడు.

తిరుచానూరులో జయరావు పెరట్లోని చెట్టుకు గాటు లేదు, పురుగు లేదు. ఆకుల అంచులు మాత్రం కాలినట్టున్నాయి. పక్కింటి మేక ఒకటి దూరివచ్చి, ఆకు ముట్టకుండా మొదట్లో మట్టి నాకుతోంది. రెండు పెరళ్ల మధ్య గోడకో చిన్న తలుపు.

"ఆమె పోయినాక దాన్ని ఎవురూ తెరవలేదు," అన్నాడు జయరావు. గడపమీద మాత్రం ఒక్క ఎండుటాకూ లేదు.

ఆదిమూలం అవతలికి తొంగిచూశాడు. టెంకాయ చెట్టొకటి గెలలతో విరగకాసి ఉంది. దాని మొదట్లో తెల్లటి పొర. నీడలో కూర్చున్న ముసలామె అడిగింది.

"ఆ పక్క చెట్టు పూత పట్టిందా నాయనా?"

ఆమె ఇమాంసాహెబ్ తల్లి అమీనా బీ.

సాయంత్రం అందరినీ చెట్టు కింద కూర్చోబెట్టాడు ఆదిమూలం.

"విషం కలిసిన మట్టిని మేక నాకదు. ఇది ఉప్పు. కాపు కోసం టెంకాయ చెట్టుకు ఉప్పు వేస్తారు. ఈ చెట్టుకు అదే చావు. వేసినవాళ్లు ఆ తలుపు గుండా వచ్చారు, అందుకే గడపమీద ఆకులు పేరుకోలేదు. ఇమాంసాహెబ్‌కు ఆకుల గొడవే తప్ప పూత ఊసు పట్టదు. చెట్టును చంపాలనుకునేవాళ్లు పూత గురించి అడగరు కదమ్మా?"

అమీనా బీ తల దించుకుంది.

"మాది సముద్రం పక్క ఊరు నాయనా. మాకు తెలిసింది ఉప్పే. పోయేముందు ఆ యమ్మ నా చెయ్యి పట్టుకుని చెప్పింది. 'చెట్టు కాపుకొచ్చేదాకా చూసుకో. కాయలు పంచేదానికైనా మా ఆయన మీ గడప తొక్కుతాడు. లేకుంటే మనిషి మొగం చూడడు' అనె. ఎదురుచూసి చూసి ఏసినా."

జయరావు చెట్టు మొదలు తడిమాడు. తనతో అనలేని మాట భార్య పక్కింట్లో చెప్పుకుని పోయింది.

"బతుకుతుందా?" అని అడిగాడు చివరికి.

"నీళ్లు బాగా పారించి ఉప్పు కడగాలి. ఆపైన దాని అదృష్టం," అన్నాడు ఆదిమూలం.

"నా బావి అడుగంటింది."

"మాది నిండుగా ఉండాదిలేప్పా," అన్నాడు ఇమాంసాహెబ్, నేలచూపులు చూస్తూ.

జయరావు బిందె అందుకుని, తలుపు దాటి, ఆ ఇంటి పెరట్లోకి నడిచాడు.