ఎర్రయ్య బోణీ లాగిన్

మిట్టమధ్యాహ్నపు ఎండలో గోల్ బజార్‌లో కూర్చుని మూడో టీ తాగే మనిషి పనిలేనివాడైనా అయ్యుండాలి, గూఢచారి అయినా అయ్యుండాలి. సింహాచలం రెండో రకం. పెట్టుడు మీసం, భుజాన కంప్యూటర్ మెకానిక్ సంచి, జేబులో పెన్నులా కనిపించే కెమెరా, చెవిలో చిన్న ఇయర్‌ఫోన్.

పక్క బల్ల మీద పేపరు చదువుతున్న ముసలాయన తల ఎత్తకుండానే అన్నాడు. "టీలో అల్లం తక్కువైంది."

"ఏలకులు ఎక్కువయ్యాయి," అన్నాడు సింహాచలం.

కోడ్ సరిపోయింది. ముసలాయన గూఢచారి శాఖ చీఫ్ తిరుమలరావు. విగ్గు కొంచెం పక్కకి జరిగింది గానీ చెప్పే ధైర్యం ఎవరికుంది?

"రేపు ఇటుగా మిలిటరీ స్పెషల్ రైలు వెళ్తుంది. దానికి దారివ్వడానికి బొగ్గు బండ్లను ఎక్కడ, ఎప్పుడు ఆపాలో ఒక ఫైలు ఉంది. సరుకు రవాణా కంపెనీ కంట్రోల్ రూమ్ సర్వర్‌లో. అది చూస్తే స్పెషల్ రూటు మొత్తం తెలిసిపోతుంది."

"ఎవరికి కావాలి?"

"'హార్బర్' అనే విదేశీ ముఠాకి. నాలుగు గంటలకి ఫైలు అందుకోవడానికి వాళ్ల లైను తెరుచుకుంటుంది. పొద్దున్నుంచీ అక్కడ ఏ కంప్యూటర్లోనూ ఫైలు తెరుచుకోవడం లేదు. నువ్వు మెకానిక్‌వి."

"లోపల మన మనిషి?"

"రజిని. ముఠాలోకి మనమే పంపాం. నెల రోజులుగా కబురు లేదు. అటు తిరిగిపోయింది."

సింహాచలం చేతిలో టీ చల్లారిపోయింది. రజిని అతని మేనమామ ఎర్రయ్య కూతురు. చిన్నప్పుడే ఇచ్చిపుచ్చుకోవాలనుకున్న సంబంధం. రెండేళ్ల క్రితం ఆ సంబంధాన్ని అతను తన చేత్తోనే, ఒక సంతకంతో తెంపుకున్నాడు.

మూడూ ఇరవైకి కంట్రోల్ రూమ్‌లో ఉన్నాడు. పన్నెండు కంప్యూటర్లు. పన్నెండింటి మీదా ఒకటే మాట: యాక్సెస్ డినైడ్. కేబుళ్లు చూశాడు, బాగున్నాయి. నెట్‌వర్క్ చూశాడు, సర్వర్ బుద్ధిగా జవాబిస్తోంది. పాస్‌వర్డులూ సరైనవే.

"ఏటి బాబూ, వైరస్సా?" అన్నాడు సూపర్‌వైజర్ అప్పలకొండ. రైల్వేలో రిటైరై ఈ కంపెనీలో చేరిన పెద్దమనిషి.

"కాదు పెద్దయ్యా. పర్మిషన్లు ఎవరో మార్చారు. మీ ఐడీ ఇవ్వండి."

ఫైలు పర్మిషన్ల పట్టీ తెరిచాడు. స్టాఫ్ అందరి పేర్లకీ ఎదురుగా 'డినై' అని ఉంది. ఇవ్వమని వంద చోట్ల రాసి ఉన్నా, వద్దని ఒక్క చోట ఉంటే కంప్యూటర్ ఆ ఒక్కదాన్నే వింటుంది. మనుషులూ అంతే, అనుకున్నాడు. మేనమామ పెట్టిన అన్నం, చెప్పించిన చదువు, ఇస్తానన్న పిల్ల, అన్నీ ఉన్నాయి. చివరికి మిగిలింది అతని ఒక్క 'కాదు'.

పట్టీలో ఒక్క పేరుకి మాత్రం పూర్తి హక్కులున్నాయి. బి. ఎర్రయ్య.

"పోయినాయన ఐడీ ఇంకా ఎందుకుంచారు?"

అప్పలకొండ నొచ్చుకున్నాడు. "అలాగనీకు బాబూ. ఈ రూము నిలబెట్టిందే ఎర్రయ్యన్న. రోజూ పొద్దున్న ఆరింటికి ఆయన పేరు తెర మీద వెలగాల, అప్పుడే మేం మొదటి బండి కదుపుతాం. బోణీ. ఆయన కంప్యూటర్ పాపకే ఇచ్చేసినాం. తెలిపారాలో ఇంట్లోంచే రజినమ్మ లాగిన్ చేస్తాది."

ప్రపంచంలో ఏ ఆఫీసూ చెయ్యని తప్పు ఇది. ప్రేమకొద్దీ చేశారు.

ఆ పేరు మీద ఫైలు అప్పటికే బయటికి కాపీ అవుతోంది. ఎర్రయ్య హక్కులు తీసేశాడు. ఖాతా మూసేశాడు. కానీ కాపీ ఆగలేదు. డెబ్బై ఒకటి శాతం, డెబ్బై రెండు. పొద్దున లాగిన్ అయిన సెషన్ పాత హక్కులతోనే నడుస్తోంది. బండెక్కి కూర్చున్నవాణ్ని, బుకింగ్ కౌంటర్ మూసినంత మాత్రాన దింపలేం కదా. లాగ్ ఆఫ్ అయితేనే ఆగుతుంది. బయటి నుంచి సెషన్ తెంపే హక్కు సిస్టమ్ ఆఫీసర్ ఒక్కరికే ఉంది. ఈ కంపెనీలో ఆ ఆఫీసర్ రజినే.

"సర్వర్ ఆపేస్తే?"

"నలభై రేకులు, అదే గూడ్సు బండ్లు, లైను మీదున్నాయి. ఒక్కటీ కనపడదు. మనుషులు చచ్చిపోతారు బాబూ."

సింహాచలం ఆటో ఎక్కాడు.

తెలిపారాలో మేడ మీది గది తలుపు తెరిచే ఉంది. రజిని పచ్చ పట్టుచీరలో, పెదవులకి ఎర్ర రంగుతో, ఏదో పార్టీకి బయల్దేరినట్టు కూర్చుని ఉంది. ముఠా వాళ్ల మధ్య తిరిగే వేషం అది. టేబుల్ మీద చిన్న పిస్టల్. దాని పక్కన ఎర్రయ్య కంప్యూటర్. విశ్వకర్మ పూజకి పెట్టిన కుంకుమ బొట్టు దాని మీద ఇంకా ఉంది.

"మీసం తీసెయ్ బావా. నీకు బాగోలేదు."

తీసేశాడు. గోడ గడియారంలో మూడూ యాభై రెండు. తెర మీద తొంభై శాతం.

"ఎందుకే ఇలా చేశావు?"

"నాన్న ఎలా పోయాడు? చెప్పు."

అతనికి తెలుసు. ముఠా మనిషిని వెంబడించమని మామయ్యని పంపింది తనే. ఎండలో మూడు ప్లాట్‌ఫారాలు దాటి, నాలుగో దాని మీద ఎర్రయ్య గుండె ఆగిపోయింది. అనుమానాస్పదంగా తిరుగుతున్న వృద్ధుడు అని పోలీసులు కాగితాల్లో రాశారు. మీ మనిషేనా అని వాళ్లు అడిగిన లేఖకి శాఖ జవాబు: ఈ వ్యక్తితో మాకు ఎలాంటి సంబంధం లేదు. కింద సంతకం సింహాచలానిది.

"నలభై ఏళ్లు సర్వీసు చేసినోడు. కాలనీలో దొంగ అన్నారు బావా. దినానికి నలుగురు కూడా రాలేదు. కంట్రోల్ రూమువోళ్లే వచ్చినారు." ఆమె తండ్రి కంప్యూటర్ వైపు చూసింది. "అచ్ఛా, అనుకున్నాను. దొంగతనం నాన్న పేరు మీదే జరగనీ. అప్పుడు ఎంక్వైరీ అవుద్ది. ఎర్రయ్య ఎవరో మీరు చెప్పక తప్పదు."

"రేపు ఆ బండిలో ఎనిమిది వందల మంది ఉంటారు రజినీ."

"తెలుసు. పొద్దున్నుంచీ ఏడుస్తానే ఉన్నాను."

మూడూ యాభై ఆరు. తొంభై అయిదు. పిస్టల్ అతనికి చేతికందే దూరంలోనే ఉంది. అతను దానివైపు చూడలేదు.

"ఏం చెయ్యమంటావు?"

"కంట్రోల్ రూములో పన్నెండు తెరలున్నాయి. అందరికీ ఒకేసారి మెసేజ్ పెట్టొచ్చు. నీ పేరుతో రాయి. నిజం రాయి. బస్, అంతే."

రాస్తే కవర్ పోతుంది, ఉద్యోగం పోతుంది. చెవిలోని ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు పొడిగా వినిపించింది. "నో. దిసీజ్ యాన్ ఆర్డర్."

సింహాచలం ఇయర్‌ఫోన్ తీసి కుంకుమ బొట్టు పక్కన పెట్టాడు. టైపు చేశాడు.

'బి. ఎర్రయ్య మా శాఖ మనిషి. దేశం పని మీద తిరుగుతూ చనిపోయాడు. ఆయనతో సంబంధం లేదని అబద్ధం రాసింది నేను. సింహాచలం, మేనల్లుడు.'

మెసేజ్ వెళ్లింది. రజిని దాన్ని రెండుసార్లు చదివింది. మూడూ యాభై తొమ్మిది, తొంభై తొమ్మిది శాతం. ఆమె చెయ్యి చాచి లాగ్ ఆఫ్ నొక్కింది.

తెర నల్లబడింది. నాలుగు కొట్టింది. హార్బర్ లైను తెరుచుకుంది గానీ వాళ్లకి దొరికింది చివరి శాతం రాక, అతకని ముక్కలే.

రజిని మునివేళ్లతో మానిటర్ని నిమిరింది. "వెళ్లొస్తా నాన్నా," అంది. చీఫ్ జీపు వచ్చేదాకా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఏడ్చారు. చేతికి సంకెళ్లు వేస్తున్నప్పుడు ఆమె అతనివైపు చూసి, "మీసం లేకపోతేనే బాగున్నావు," అంది.

మర్నాడు ఆరింటికి అప్పలకొండ ఫోన్ చేశాడు.

"చూసినాం బాబూ నీ మెసేజు. అందరం లేచి నిల్చున్నాం. మరి ఈయాల బోణీ ఎవురి పేరున చెయ్యాల?"

"నాకు తెలియదు పెద్దయ్యా," అన్నాడు సింహాచలం. నిజంగానే తెలియదు.

రిపోర్టు పంపాలని శాఖ సిస్టమ్ తెరిచాడు. యాక్సెస్ డినైడ్. పాస్‌వర్డ్ సరైనదే, నెట్‌వర్క్ బాగానే ఉంది. మెకానిక్కి అంతకు మించి చూడక్కర్లేదు. చనిపోయినవాడి ఖాతా మూయడానికి ఆ రూములో రెండేళ్లయినా ఎవరికీ మనసొప్పలేదు. బతికున్నవాడిది మూయడానికి శాఖకి ఒక్క రాత్రి చాలింది.