ఆమె రాకూడని పొలం

"ఆపండి! ముందు ఆ రంపం ఆపండి!"

గాష్పెర్‌కు వినపడలేదు. చెవులకు మూతలు బిగించుకుని, వానలో తడుస్తూ, రోడ్డు వారనున్న కంచెకొమ్మల్ని మోటారు రంపంతో ఎడాపెడా కోసేస్తున్నాడు. తెల్ల కారు ఆగడం గానీ, అందులోంచి ఓ అమ్మాయి దిగి పరుగెత్తుకు రావడం గానీ చూడలేదు. తీరా ఆమె వచ్చి పొదకు అడ్డంగా చేతులు చాపి నిలబడేసరికి గుండె ఆగినంత పనైంది. రంపం ఆపేశాడు.

"మతి పోయిందా మీకు? మీద పడితే ఏమయ్యేది?"

"చెవులు మీకు పోతే మతి నాకు పోయిందా? ఇప్పుడు కంచెలు కొట్టకూడదని తెలీదూ? పిట్టలు గూళ్లు పెట్టే రోజులివి."

"కంచె నాది."

"గూడు మీది కాదుగా."

ఆమె ఒక కొమ్మ పక్కకు తప్పించింది. లోపల గుప్పెడంత గూడు. అందులో ఆకాశం ముక్కలు రాలి పడ్డట్టు నీలిరంగు గుడ్లు. గాష్పెర్ రంపాన్ని వీపు వెనక్కి దాచుకున్నాడు, గుడ్లు చూస్తాయేమో అన్నట్టు.

"మీరు ఇన్‌స్పెక్టరా?"

"కాదు. ఇన్‌స్పెక్టర్ కంటే ముందొచ్చేదాన్ని. ఆయనొచ్చి తప్పు పట్టడానికి ఏమీ మిగలకుండా చూడ్డం నా పని. వ్యవసాయ సలహా కేంద్రం నుంచి వచ్చాను, నేజా అంటారు. ఇక్కడ గాష్పెర్ అని ఒక రైతు ఉన్నాడట. ఎన్ని ఉత్తరాలు రాసినా ఉలకడు పలకడు. మీకు తెలుసా?"

"తెలియకేం. వట్టి మొండిఘటం. ఇంటిపట్టున ఉండడు. మీరు వెళ్లిపోవడం మంచిది."

సరిగ్గా అప్పుడే పెరట్లోంచి వాళ్లమ్మ వీదా గొంతు ఖంగున మోగింది. "ఒరే గాష్పెర్! సూప్ చల్లారిపోతోంది, వస్తావా రావా?"

నేజా నవ్వింది. రెప్పల మీదున్న వాన చుక్కలు ఆ నవ్వుకు జారి బుగ్గల మీద పడ్డాయి. గాష్పెర్‌కు సూప్ సంగతీ కంచె సంగతీ రెండూ మరుపొచ్చాయి.

* * *

వాళ్ల నాన్న పోయి అప్పటికి రెండో వసంతం. నాన్న ఉన్నంతకాలం గాష్పెర్ లుబ్లియానా నగరంలో కుర్చీలూ బల్లలూ చేసే వడ్రంగి. ఆవుల్ని అమ్మేయడానికి మనసొప్పక ఊరికి వచ్చేశాడు. సెర్క్నిత్సా సరస్సు పక్కన పొలాలన్నిటిలాగే వాళ్ల పొలమూ సగం ఏడాది గడ్డి, సగం ఏడాది నీళ్లు. సర్కారు ఇచ్చే సబ్సిడీ లేకపోతే ఆవులు నిలవవు. సబ్సిడీ నిలవాలంటే నిబంధనలు పాటించాలి. వాగుకు ఎంత దూరంలో పేడ వెయ్యాలి, గడ్డి ఎప్పుడు కోయాలి, దూడల్ని ఎలా ఉంచాలి, అన్నిటికీ ఓ పద్ధతుంది. ఆ పద్ధతులన్నీ నాన్న తలలో ఉండేవి. గాష్పెర్‌కు మాత్రం అవి ఫ్రిజ్ మీద పేరుకున్న కవర్లు.

నేజా ఆ కవర్లన్నీ వంటింటి బల్ల మీద గుమ్మరించి ఒక్కొక్కటీ విప్పి చెప్పింది. తర్వాత బూట్లు తొడుక్కుని అతన్ని పొలమంతా తిప్పింది. వాగు ఒడ్డున పేడ పడకుండా ఓ పట్టీ వదిలించింది. ఆవులు వాగులో దిగి బురద చెయ్యకుండా కర్రలు పాతించి, నీళ్ల తొట్టి పైకి మార్పించింది.

"ఈ దూడని ఒక్కదాన్నే ఉంచారేం? పక్క దూడల్ని చూడాలి, ముట్టుకోవాలి. ఒంటరిగా ఉంచకూడదు."

"ముప్పై ఏళ్ల రైతుని ఉంచొచ్చా?"

"దానికి నిబంధనేం లేదు."

"అన్యాయం కదూ?"

"పైవాళ్లకి రాసుకోండి," అంది నేజా, తొట్టిలోకి వంగి. కానీ చెవులు ఎర్రబడ్డాయి.

రెండు మూడు రాకల తర్వాత వీదా ఇద్దరి చేతుల్లోనూ బ్లూబెర్రీ సారా గ్లాసులు పెట్టింది. "ఏంటా మీరూ మీరూ! నా ఇంట్లో ఇంత మర్యాద పడదు. తాగండి, నువ్వనుకోండి." తాగారు. నువ్వనుకున్నారు. ఆ పూట నుంచీ గాష్పెర్ పొలానికి కష్టాలు మొదలయ్యాయి.

"నేజా, దూడ చెవికున్న నంబరు పోగు ఊడింది," అన్నాడు ఫోన్‌లో.

"ఏ దూడది?"

"అదే... ఎర్రది."

ఆమె వచ్చి చూస్తే పోగు చెక్కుచెదరకుండా ఉంది.

"మళ్లీ అతుక్కున్నట్టుంది," అన్నాడు గాష్పెర్.

"వింత దూడ. రేపు ఏ దూడకి ఏం ఊడుతుందో ఇప్పుడే చెప్పు, మళ్లీ పెట్రోలు దండగ."

అయినా మర్నాడు కూడా వచ్చింది.

* * *

సరస్సు గడ్డిలో ఓ పిట్ట గూడు పెడుతుంది. అక్కడి భాషలో దాని పేరు కోతగాడు. మగది సాయంత్రమైతే జతకోసం గడ్డిలోంచి కరకరమని పిలుస్తూనే ఉంటుంది, మనిషి కంటపడదు. దాని పిల్లలు నడవడం నేర్చేదాకా ఆ గడ్డి కోయకూడదు. గాష్పెర్ ఆగస్టు దాకా ఆగాడు. పక్కవాళ్లు తొందరపడమన్నా ఆగాడు.

కోత రోజున నేజా వచ్చింది. బయటి నుంచి చుట్టూ కోసుకొస్తే పిట్టలు మధ్యలో చిక్కుకుని చస్తాయని, నడిమధ్య నుంచి మొదలుపెట్టించింది. ట్రాక్టర్ నెమ్మదిగా బయటికి తిరుగుతోంది. చివరి వరసకు ముందు నేజా చెయ్యెత్తింది. గాష్పెర్ ఆపి దిగాడు. గడ్డిలోంచి ఓ తల్లి పిట్ట, దాని వెనకాల మసిగుడ్డ ముక్కల్లాంటి నల్లటి పిల్లలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగు తీసి వాగు ఒడ్డు పొదల్లోకి దూరిపోయాయి.

"చూశావా! చూశావా గాష్పెర్!" నేజా అతని చొక్కా పట్టి ఊపేసింది. ఊపి, వదలడం మర్చిపోయింది.

కోసిన గడ్డి వాసన చుట్టూ కమ్ముకుంది. గాష్పెర్ ఆమె వైపు తిరిగాడు.

"నేజా, నీకొకటి చెప్పాలి. వసంతం నుంచీ..."

"చెప్పకు." ఆమె చటుక్కున చెయ్యి తీసేసింది. "ఇప్పుడు కాదు. నువ్వు చెప్తే నేను విన్నట్టే. విన్నాక ఈ పొలానికి నేను రాకూడదు. సొంతవాళ్ల పొలాలకి మేం పనిచెయ్యకూడదు."

"అంటే చెప్తే రావు, చెప్పకపోతే వస్తావు. అంతేనా?"

"అంతే."

"అయితే నాకు మాటలు రావనుకో."

నవ్వాలనుకుంది కానీ నవ్వు సగంలోనే ఆగింది. "ఇన్‌స్పెక్టర్ వచ్చే వారం వస్తాడు. పద, ఆవుల పాక చూసి వెళ్తాను," అంది.

పాక తలుపు దగ్గర నిలబడి చూసింది. గాష్పెర్ ఏదో జోకు వేశాడు. ఈసారి బాగా నవ్వింది. "అంతా బాగుంది," అని వెళ్లిపోయింది.

అంతా బాగాలేదు. పాక వెనక మూల గడ్డివాము చాటున ఎర్ర దూడ మెడకు తాడుతో కట్టేసి ఉంది. క్యాబేజీ మడిలో పడి మేసేస్తోందని వీదా కట్టేసింది. నాన్న కాలం నుంచీ ఆ తాడు అక్కడే ఉండేది కనుక గాష్పెర్ దాన్ని తప్పనుకోలేదు. వారం తర్వాత వచ్చిన ఇన్‌స్పెక్టర్ అనుకున్నాడు. దూడల్ని అలా కట్టకూడదు. ఆ ఏడాది సబ్సిడీలో కొంత కోత పడింది.

గాష్పెర్ నేజాకి ఫోన్ చేసి, పాక మూలనున్న దూడ సంగతి చెప్పాడు.

"ఏ మూల?" అంది నేజా.

"వెనక మూల. పోనీలే, కొంచెమే కదా..."

"ఆ తలుపు దగ్గర నేను నిలబడ్డాను గాష్పెర్."

"అవును, అయితే ఏం?"

ఫోన్ పెట్టేసింది. సాయంత్రం ఒక మెసేజ్ వచ్చింది. "దయచేసి ఫోన్ చెయ్యకు."

* * *

తర్వాత వచ్చిన తెల్ల కారులోంచి స్టానె దిగాడు. భారీ మనిషి. నడుం పట్టేసిందని మూలుగుతూ దిగి, వీదా పెట్టిన ప్రతిదీ తిని, నేజా బదులు ఇక నుంచి ఈ పొలం బాధ్యత తనదేనన్నాడు.

గాష్పెర్ చెవి పోగుల గురించి ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. సెప్టెంబరంతా వాన. తెల్ల కారు ఏది కనబడినా చేతిలో పని ఆపేవాడు, అది మలుపు తిరిగి పోయేదాకా. నేజా ఉండేది సరస్సుకు అవతలి గట్టున. పొద్దుగూకే వేళ ఆ ఊళ్లో దీపాలు వెలిగేవి. అందులో ఆమెది ఏదో తెలీదు గనుక అన్నిటినీ చూసేవాడు. ఒకటి రెండుసార్లు కారు తీశాడు. మలుపు దాకా వెళ్లి, వద్దన్న మనిషి గుమ్మం ముందు ఏ మొహంతో నిలబడాలో తోచక తిరిగొచ్చాడు.

అక్టోబర్‌లో స్టానె మళ్లీ వచ్చినప్పుడు ఉండబట్టలేక అడిగాడు. "నేజా ఎలా ఉంది?"

"బాగానే ఉంది. ఈ పొలం తనకొద్దని తనే అడిగిందిగా."

గాష్పెర్ మొహం పాలిపోయింది. "ఎందుకట?"

"ఇక్కడికొస్తే తన కళ్లు సరిగ్గా పనిచెయ్యవంది. నాకేం అర్థం కాలేదు. కళ్లద్దాలు పెట్టించుకోమన్నా."

స్టానె వెళ్లాక గాష్పెర్ బల్ల దగ్గర కూలబడ్డాడు. "చూశావా అమ్మా. మన పొలం చూస్తే ఆమెకి కళ్లు మండుతున్నాయట."

వీదా చేతిలో ఉన్న గుడ్డ అతని మీదికి విసిరింది. "ఆ లావాటాయనకి అర్థం కాలేదంటే పోనీ అనుకున్నాను. నీకూ అర్థం కాలేదట్రా? ఆ రోజు ఆ పిల్ల పాక తలుపు దగ్గర ఎటు చూసిందో నేను కిటికీలోంచి చూశాను. దూడ ఎలా కనిపిస్తుందిరా, మధ్యలో నువ్వుంటే!"

గాష్పెర్ ఆ గుడ్డ చేత్తో పట్టుకుని, కిటికీలోంచి పాక తలుపు వైపు చూశాడు.

అర్థమైన తర్వాత బాధ తగ్గాలి. తగ్గకపోగా పెరిగింది. ఆమెకు ఇష్టం లేదనుకున్నప్పుడు కోపమైనా తోడుండేది. ఇప్పుడు అదీ లేదు. ఫోన్ చెయ్యొద్దని ఆమె అడిగిన మాట ఒక్కటే ఉంది.

* * *

నవంబరు మొదట్లో నేలలోంచి నీళ్లు పైకి తన్నుకొచ్చాయి. ఏటా వచ్చేవే, ఈసారి తొందరగా వచ్చాయి. గాష్పెర్ కోసిన మడి మీద బాతులు ఈదుతున్నాయి. మధ్యాహ్నం ఫోన్ మోగింది. స్టానె.

"మీకు పడవ ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"గొర్రెలు పెంచే పావ్లా బామ్మ ఉందిగా, ఆమె మంద సరస్సు మధ్య దిబ్బ మీద ఉండిపోయింది. ఆమెకి సాయంగా నేజా వెళ్లింది. గొర్రెల్ని ట్రాక్టర్ బండిలో తోలారు, రెండు చూలు గొర్రెలు మాత్రం ఎక్కమని మొరాయించాయి. వాటిని వదల్లేనని నేజా అక్కడే ఆగింది. ట్రాక్టర్ తిరిగెళ్లేసరికి దారి మునిగిపోయింది. నేనే వెళ్లేవాణ్ని గానీ ఈ నడుం..."

మిగతా మాటలు గాష్పెర్ వినలేదు.

తన మడి మీదుగానే పడవ నడిపాడు. నీళ్ల అడుగున తను పాతిన కర్రల తలలు మసకగా కనిపించాయి. దిబ్బ మీద పసుపు రెయిన్‌కోట్ ఒకటి, దాని చెరో పక్కనా ఓ గొర్రె. దగ్గరకొచ్చేకొద్దీ అతని తెడ్డు తడబడింది.

"నువ్వా!" అంది నేజా. పెదాలు చలికి నీలమయ్యాయి.

"స్టానెకి నడుం నొప్పి."

"ఫోన్ చెయ్యొద్దన్నాను."

"చెయ్యలేదుగా. పడవలో వచ్చాను."

ఆమె మొహం తిప్పుకుంది, నవ్వొచ్చిందని అతనికి తెలియకూడదని. గొర్రెల్ని ఎక్కించేసరికి ఇద్దరూ నడుం దాకా తడిసిపోయారు. పడవలో అతను ఈ చివర, ఆమె ఆ చివర, మధ్యలో గొర్రెలు.

"నా వల్లే నీకు కోత పడింది," అంది నేజా, గొర్రె వీపు మీది ఉన్ని సర్దుతూ. "నేను పని చెయ్యడానికొచ్చి నిన్ను చూస్తూ నిలబడ్డాను. దూడ కనబడలేదు. ఏ మొహం పెట్టుకుని రమ్మంటావు?"

"కట్టింది మా అమ్మ. వదిలేసింది నేను. నీ తప్పు మూడో వంతు."

"లెక్కలు చెప్పకు."

"సరే, చెప్పను. ఇప్పుడు నువ్వు నా సలహాదారువి కాదు కదా?"

"కాదు."

"అయితే..." తెడ్డు ఆపాడు. వసంతం నుంచీ కూడబెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారి కలగాపులగమయ్యాయి. చివరికి వచ్చింది ఇంతే. "నువ్వు రాని రోజున నాకు పొద్దు గడవదు నేజా. ఆవులు కూడా రోడ్డు వైపే చూస్తున్నాయి."

"ఆవులా?"

"నేనే."

నేజా లేచి అతని దగ్గరకు రాబోయింది. పడవ ఊగింది, గొర్రెలు బేమని అరిచాయి, భయపడి కూర్చుండిపోయింది. గొర్రెల మీదుగా చెయ్యి చాపింది. అతని తడిచేతిని పట్టుకుని కళ్లు మూసుకుంది.

"చెప్పొద్దన్నాక నువ్వు నిజంగానే చెప్పకుండా ఉండిపోతావనుకోలేదు," అంది సన్నగా. "ఎంత ఎదురుచూశానో తెలుసా?"

ఒడ్డున వీదా దుప్పట్లు పట్టుకుని నిలబడి ఉంది. గొర్రెల్ని పాకలోకి తోలి, నేజాని పొయ్యి పక్కన కూర్చోబెట్టి, తన ఉన్ని మేజోళ్లు తొడిగి, పుట్టగొడుగుల సూప్ గిన్నె చేతికిచ్చింది. అంతలో నేజా ఫోన్ మోగింది. అవతల స్టానె గొంతు వంటిల్లంతా వినిపించింది.

"క్షేమమేగా? మంచిది. ఎలాగూ అక్కడున్నావు కదా, ఆ దూడల కొట్టం ఒకసారి చూసిరా. నాకీ వారం లేచేలా లేదు."

"నేను చూడకూడదండీ."

"అదేం? ఎందుకని?"

నేజా తలెత్తింది. గాష్పెర్ ఆమె వైపే చూస్తున్నాడు. వీదా పొయ్యిలో కట్టె తోస్తున్నదల్లా ఆగిపోయింది.

"వీళ్లు మావాళ్లు," అంది నేజా.

వీదా కట్టెను పొయ్యిలోకి తోసి, చేతులు తుడుచుకుని, బల్ల మీద ఇంకో కంచం పెట్టింది.