చెరపని స్రావరేఖ

ఉదయం తొమ్మిదికల్లా ఆసుపత్రి హాల్లో పదమూడు పడకల స్రావరేఖలు, అంటే ఒంట్లో క్లోమరసం పారే తీరు చూపే గీతలు, చదివి సంతకం పెట్టేసింది గౌరీశ్వరి. పద్నాలుగో దగ్గర చెయ్యి ఆగిపోయింది. గోడ మీద పచ్చని గీత మూడు అలలు లేచి, నాలుగోదానికి కాస్త తడబడి, మళ్లీ లేస్తోంది. ఆ తడబాటు ఎవరిదో ఆమెకు తెలుసు.

పడక మీద మరిడమ్మ మోకాళ్లు పొట్టకు ముడుచుకుని పడుకుంది. భీమిలిలో వలలు అల్లే మనిషి, పాతికేళ్లు దాటలేదు. క్లోమనాళంలో రాళ్లు తీసి, దారి మూసుకుపోకుండా స్టెంటు వేసి మూడు వారాలైంది.

"ఈపులోకి పొడిసేస్తంది అక్కా. నిన్నట్నుంచి మంచినీళ్లు కూడా నిలబడ్డం లేదు. ఆ గోడేమో నాను బాగున్నానంటది. అబద్దమాడతన్నానేటి?"

"నువ్వెందుకాడతావమ్మా?"

గోడలోంచి, స్టెంట్లను కనిపెట్టుకుని ఉండే యంత్రం నాళసాక్షి పలికింది. "ప్రవాహం సవ్యం. స్టెంటు తొలగింపునకు అనుమతి లేదు."

నాళసాక్షి మనుషుల మాట వినదు, స్టెంటు మాటే వింటుంది. స్టెంటు తానున్న ఒంటి లయను నేర్చుకుంటుంది. సంకేతం అందనప్పుడు, నేర్చుకున్న లయతోనే ఆ ఖాళీని పూరిస్తుంది. అందుకే ఒకరి స్టెంటును కడిగి, జ్ఞాపకం చెరిపి గాని ఇంకొకరికి వెయ్యరు. ఆ పని గౌరీశ్వరిదే. పదకొండేళ్లలో ఒక్కసారి తప్పింది. నిరుడు తన అన్న అప్పలస్వామి ఇక్కడే పోయిన రోజున ఆయన స్టెంటును కడిగింది గాని, చెరపడానికి చేతులు రాలేదు. రేపు చూద్దాంలే అని కడిగినవాటి అరలోనే వెనక్కి నెట్టేసింది. అర ఖాళీ అవుతుంటే ఎవరో దాన్నీ తీసి వాడేశారు.

ఇప్పుడది పూడుకుపోయి, దానికి సంకేతం అందడం లేదు. మరిడమ్మ నొప్పి బయటికి రావడం లేదు. ఆమె బదులు చచ్చిపోయిన మనిషి బాగున్నానని చెబుతున్నాడు.

ఇంకొక్క పూట ఆగితే ఈ పిల్ల దక్కదు. నిజం చెబితే తన ఉద్యోగం దక్కదు. అంతా తెలిసి కూడా గౌరీశ్వరి ఒక నిమిషం పాటు ఆ గీతనే చూస్తూ నిలబడింది. ఇంకొక్క అల చూద్దామన్న ఆశ. తన మీద తనకే అసహ్యం వేసింది.

"తియ్యవా అక్కా?"

ఆమె గోడ వైపు తిరిగింది. "ఈ రేఖ ఈ అమ్మాయిది కాదు. పోయిన మా అన్నది. చెరపకుండా వదిలేసింది నేనే. రాసుకో."

"అసంభవం," అంది నాళసాక్షి. పాత రేఖలన్నీ తిరగేసి, "సంభవమే అయితే, ఏ రేఖ ఎవరిదో నేను నిర్ధారించలేను," అంది.

హాల్లో ఎనభై పడకల వెనకున్న గీతలన్నీ ఆరిపోయి గోడలు ఒక్కసారిగా నల్లబడ్డాయి. కాదనే సాక్షి లేకపోయేసరికి, స్టెంట్లు తీసే గది తలుపు తాళం దానంతటదే ఊడింది. మరిడమ్మ పడకను అటు తోస్తూ గౌరీశ్వరి కేకేసింది. "మిగతావాళ్ల దగ్గరికెళ్లి అడగండి!"

"ఏమడగాలి మేడమ్?" అంది కొత్తగా చేరిన నర్సు హేమావతి. పాపం, ఆమెకు నిజంగానే తెలియదు.

"నొప్పుందా అని."

హేమావతి మొదటి పడక దగ్గరికి వెళ్లి బెరుకుగా ఆ మాటే అడిగింది. ఆ పెద్దాయన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని బావురుమన్నాడు.