బంక కలపని గోడ

తడిసిన గొడుగు గుమ్మం బయట దులిపి, ఫ్లెక్స్ షాపులోకి అడుగుపెట్టిన పెద్దావిడ అడిగిన మొదటి ప్రశ్న, ఇక్కడ పెయింటర్ ఒకాయన ఉండాలి, బతికే ఉన్నారా అని.

కంప్యూటర్ ముందున్న అమ్మాయి నొచ్చుకోలేదు. బ్యానర్లు అచ్చువేసే షాపులో ఇంతకంటే వింత మాటలు రోజూ వినపడతాయి. వెనక గదివైపు తల తిప్పి, "నాన్నా, నువ్వు బతికే ఉన్నావా అని అడుగుతున్నారు" అంది.

వెనక గదిలో పాత కుంచెలు కడుగుతున్న పెద్దాయన చేతిలోంచి ఒక కుంచె జారి డబ్బాలో పడింది. కళ్లు కాస్త మసకబారాయి గానీ చెవులు ఇంకా పదునే. పాడినా తిట్టినా ఒకే శ్రుతిలో పలికే ఆ గొంతును అతను నలభై ఏళ్ల పైచిలుకు వినలేదు. మర్చిపోవడానికి ఆ కాలం మాత్రం ఏం చాలింది?

చేతులు తుడుచుకుని బయటికి వచ్చాడు. జడ ఉన్నచోట ముడి వచ్చింది, ముక్కు మీదికి కళ్లజోడు వచ్చింది. చూపు మాత్రం అప్పటిదే. ఎదుటివాడు తప్పు చేశాడని ముందే తేల్చుకుని, ఏ తప్పో తీరిగ్గా వెతికే చూపు.

"మా మందిరం గోడ మీద మీరు రాసిన రాత వాన పడితే చాలు పైకి తేలుతోంది. మీరు రాసింది మీరే వచ్చి చెరపాలి" అంది.

మీరు అంది. ఆ మీరు అతనికి ముల్లులా గుచ్చుకుంది. అతనూ తగ్గకుండా, ఎప్పుడో రాసింది ఇంకా ఎలా ఉంటుందండీ అన్నాడు. ఉంటుందో లేదో వచ్చి చూడండి అందామె. ఈ వానలు వెళ్లేలోగా అది పోకపోతే గోడే పగలగొట్టిస్తామని కమిటీవాళ్లు తీర్మానం చేశారట. తన తండ్రి చేతులమీదుగా లేచిన గోడను అంత తేలిగ్గా వదులుకునే మనిషి కాదామె.

కూతురికి ఆసక్తి ఆగలేదు. "ఇంతకీ ఏం రాశాడు టీచర్, మా నాన్న?" అని అడిగింది. ఆవిడ పెళ్లి చేసుకోకుండా, స్కూల్లో పాటలు నేర్పి రిటైరైన టీచరని ఊళ్లో చాలామందికి తెలుసు.

"మొక్కితే రాదు, పోరాడితే వస్తుంది. అది కూడా ప్రార్థనా మందిరం గోడ మీద."

కూతురు కంప్యూటర్ వెనక్కి వంగి నవ్వుకుంది. పెయింటర్ మాత్రం నవ్వలేదు. వాన తెరిపివ్వగానే వస్తానని చెప్పి, ఆవిడ వెళ్లాక కడిగిన కుంచెలనే మళ్లీ కడుగుతూ కూర్చున్నాడు.

అప్పట్లో అతను, మీసం పూర్తిగా మొలవకముందే సమాజం మారిపోతుందని నమ్మిన కుర్రాడు. ఎన్నికలకు గోడలు రాసే పని పార్టీ అతనికి అప్పగించింది. అందరూ మార్కెట్ గోడలు రాస్తే తను మందిరం గోడే రాయాలని పంతం పట్టి, ఒకరోజు తెల్లారేసరికి నిచ్చెన వేసుకుని కిటికీపైన అడుగు వెడల్పున ముందుకొచ్చిన చూరుపట్టీ ఎక్కేశాడు. గోడకు అంతకుముందే వెల్ల వేశారు, ఇంకా ఆరలేదు. తడి సున్నం మీద ఎర్రరంగు ఎంత లోతుకు దిగుతుందో ఆ వయసులో అతనికి తెలియదు.

చివరి అక్షరం దిద్ది కిందికి చూస్తే నిచ్చెన లేదు. పాటల సాధనకు వచ్చిన అమ్మాయి ఒకతె దాన్ని లాగి ఎదురు గోడకు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడింది.

"చెరిపితే నిచ్చెన వస్తుంది" అంది.

"చెరపను."

"అయితే అక్కడే పోరాడు. వస్తుందేమో చూద్దాం."

అంతలో వాన పట్టుకుంది. చూరుపట్టీ మీద అతను, కిటికీ కింద ఆమె, ఇద్దరూ తడిసి ముద్దయ్యారు గానీ ఎవరూ మెట్టు దిగలేదు. చివరికి అతను వరసగా తుమ్మడం మొదలుపెట్టాక ఆమెకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ నిచ్చెన తెచ్చిపెట్టింది. దిగుతున్నవాడికి నిచ్చెన కదలకుండా పట్టుకుంది కూడా. అక్కడితో అతని పని అయిపోయింది.

ఆ తర్వాత పార్టీ పని ఏ వీధిలో ఉన్నా అతని సైకిలు మందిరం వీధికే తిరిగేది. ఆమె లోపల పాడితే అతను గేటు బయట నిలబడి వినేవాడు. దేవుడు లేడంటూ దేవుడి పాటలు వింటావేం అని ఆమె దెప్పితే, నేను పాట వింటున్నాను, అడ్రసు చూడట్లేదు అనేవాడు. రోజూ వాదించుకునేవారు. అతను కరపత్రాలు ఇస్తే ఆమె చదివి, ఏ వాక్యం అబద్ధమో వేలు పెట్టి చూపించేది. అంత శ్రద్ధగా పార్టీలో కూడా ఎవరూ చదివేవాళ్లు కాదు.

పెళ్లి మాట వచ్చేసరికి ఇద్దరి కుందేళ్లకూ మూడే కాళ్లయ్యాయి. తండ్రి పాటలు నడిపించిన మందిరంలో తప్ప పెళ్లి చేసుకోనని ఆమె. మందిరం గడప తొక్కితే నన్ను నేనే నమ్మనని అతను. చెరొక మాట పట్టుకుని చెరొక దారిన పోయారు. అతను ఊరి అవతలి కొసకు మారి, మరొకామెను పెళ్లి చేసుకున్నాడు. మంచి మనిషి. ఆమెను మనసారా ప్రేమించాడు, పోయినప్పుడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అందులో నటనేమీ లేదు.

తెరిపిచ్చిన రోజున కుంచెలు, సున్నం బకెట్టు, గీకే రేకు పట్టుకుని మందిరం దగ్గరికి వెళ్లాడు. నిజంగానే గోడ మీద అతని అక్షరాలు ఉన్నాయి. లేత గులాబీరంగుకు తిరిగి, పాత మచ్చల్లా. కుర్రతనపు చేతిరాత చూసుకుని కాస్త సిగ్గుపడ్డాడు, కాస్త మురిసిపోయాడు.

పని తొందరపడితే అయ్యేది కాదు. పాత పొరలు గీకాలి, ఆరనివ్వాలి, మళ్లీ గీకాలి. ఆమె వరండాలో కుర్చీ వేసుకుని కాపలా కాసింది. మొదటి పూట మీరు అంటే మీరు అనుకున్నారు. మధ్యాహ్నానికి అతను నిచ్చెన మీద తూలేసరికి, "పడతావు, జాగ్రత్త" అనేసింది ఆమె. ఆ తర్వాత ఇద్దరూ మీరు జోలికి పోలేదు.

పార్టీ ఏమైందని ఆమె అడిగింది. మూడు ముక్కలైందని, మూడు ముక్కల ఆఫీసులకూ బోర్డులు తనే రాశానని చెప్పాడు. తను ఎవరి పేరు గోడల నిండా రాశాడో ఆ పెద్దమనిషి గెలిచి, ఆ గోడలున్న వీధుల్లోకి మళ్లీ రాలేదట. అయినా మనుషులు కలిసి అడిగితే ఏదో ఒకటి కదులుతుందన్న నమ్మకం మాత్రం చావలేదన్నాడు. పోయిన ఏడాది తమ వీధికి కుళాయి అలాగే వచ్చిందట.

"పేదవాడి మీద నమ్మకం పోలేదు. పార్టీ మీద పోయింది."

"నాదీ అదే" అంది ఆమె. "దేవుడి మీద పోలేదు. కమిటీ మీద పోయింది."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. అప్పుడే అతను నిశ్చయించుకున్నాడు. ఈ గోడ ఆరేలోగా అడిగి తీరాలి. ఒకసారి పంతానికి పోయి పోగొట్టుకున్నాడు, ఈసారి తన పంతమే వదిలేస్తాడు. ఇంకో నలభై ఏళ్లు ఆగడానికి తన దగ్గర లేవు.

మర్నాడు పొద్దున టీ తాగుతూ కూతురికి చెప్పేశాడు. ఆమె గోడమీది తల్లి ఫోటో వైపు చూసింది.

"అమ్మ ఫోటో తీసేస్తావా?"

"ఎందుకు తీస్తాను? టీచర్‌కు చూపించాలి."

కూతురు కళ్లు తుడుచుకుని, అయితే ఆ రంగుమరకల చొక్కాతో వెళ్లి అడగకు అంది. పనికి పోతూ మంచి చొక్కా ఎలా వేసుకుంటానని అతను గొణిగాడు. అయినా వేసుకున్నాడు.

ఆ రోజు అక్షరాల చుట్టుపక్కల గీకుతుంటే అతని చేతికి ఏదో తేడా తగిలింది. గోడ మిగతా భాగంలో వెల్ల గట్టిగా పట్టుకుని ఉంది, రేకుకు లొంగడం లేదు. అక్షరాల మేర మాత్రం వేలితో రాస్తే పిండిలా రాలుతోంది. ఒక పొర కాదు, కింద ఉన్న పొరలన్నీ అంతే. వెల్ల గోడను పట్టుకోవాలంటే సున్నంలో బంక కలపాలి. కలపకపోతే మొదటి పెద్దవానకే కడుక్కుపోతుంది. ఇది పనివాడి పొరపాటు కాదు. ఏ పనివాడూ ప్రతిసారీ సరిగ్గా ఒకేచోట మర్చిపోడు.

కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ ఆమెను పైనుంచే అడిగాడు. "ఇక్కడ వెల్ల వేయించేది ఎవరు?"

"నేనే. ఏం?"

"గోడంతా బంక కలిపిన సున్నం. నా అక్షరాల మీద మాత్రం ఉత్త సున్నం నీళ్లు."

ఆమె నిచ్చెన పట్టుకున్న చేతుల వైపు చూసుకుంది.

"వేరే బకెట్టులో కలిపించావా?"

"ఆ బకెట్టు నేనే కలిపేదాన్ని. ఆ ముక్క నేనే వేసేదాన్ని" అంది చివరికి. "నీకోసం పెళ్లి మానుకున్నానని సంబరపడకు. నచ్చినవాడు కనపడలేదు, అంతే. కానీ ఈ మందిరంలో నేనేమన్నా అందరూ ఔనంటారు. స్కూల్లోనూ ఔననేవారు. వాన వచ్చినప్పుడైనా నన్ను కాదనేవాడు ఒకడుంటే బావుండుననిపించింది. రెండు రోజులు ఆ అక్షరాలతో పోట్లాడి, ఎండ రాగానే మళ్లీ వెల్ల వేసేదాన్ని."

పెయింటర్ మెట్టు మెట్టు చూసుకుంటూ దిగాడు. ఎదురుగా నిలబడితే తను అనుకున్నదానికంటే ఆమె పొట్టిగా ఉంది. ఇన్నాళ్లూ ఎత్తుగానే గుర్తుంది.

"నన్ను పెళ్లి చేసుకో" అన్నాడు. "లోపలే చేసుకుందాం. గడప తొక్కుతాను. తల వంచమంటే వంచుతాను. ఇక నాకు ఏ పంతమూ లేదు."

ఆ మాటకు ఆమె కరిగిపోతుందనుకున్నాడు. ఆమె ముఖం ఎర్రబడింది.

"నాకు ఆ పెళ్లి వద్దు."

"అప్పుడు రానంటే వద్దన్నావు. ఇప్పుడు వస్తానంటే వద్దంటావా?"

"నీకు నమ్మకం ఉంటే రా. లేకుండా నాకోసం తల వంచితే, ఆ వంచిన తల ముందు నేను పాటెలా పాడను? ఇన్నేళ్లూ నేను పోట్లాడింది తల వంచనివాడితో. వాణ్ని పారేసి వస్తే నాకెందుకు?"

అతను ఖాళీ బకెట్టు ఒకటి బోర్లించి దానిమీద కూలబడ్డాడు. వదిలేద్దామనుకున్న పంతాన్ని ఆమే తెచ్చి చేతిలో పెట్టింది. మరి నన్నేం చేయమంటావని అడిగాడు.

ఆమె కూడా దిక్కుతోచనట్టు చుట్టూ చూసింది. చూసి చూసి, తను నిన్న రోజంతా కూర్చున్న కుర్చీ దగ్గర ఆగిపోయింది.

"అదేమిటి?"

"కుర్చీ."

"కుర్చీ ఉన్న చోటు?"

"వరండా."

"వరండా లోపలా, బయటా?"

పార్టీ సమావేశాల్లో పెద్ద పెద్ద తీర్మానాలు చర్చించినవాడు, దీన్నీ అంతే గంభీరంగా ఆలోచించాడు. పైన కప్పు ఉంది కాబట్టి లోపల అనవచ్చు, గడప దాటలేదు కాబట్టి బయట అనీ అనవచ్చు అన్నాడు. అక్కడ నిలబడి పాడితే లోపలికి వినపడుతుందా అని అడిగాడు. తలుపు తీస్తే బ్రహ్మాండంగా వినపడుతుందందామె.

"ఈ వరండా కొత్తగా కట్టారా?" అని అడిగాడు అనుమానంగా.

"అప్పుడూ ఉంది. మా నాన్న ఇక్కడే కూర్చునేవాడు. నువ్వు గేటు దగ్గరుంటే నిన్ను పిలవమనేవాడు కూడా."

చేతికి అందే దూరంలో ఉన్నదాన్ని కాదని, ఒకరు లోపలా ఒకరు బయటా ఇంతకాలం నిలబడ్డారు. అతనికి నవ్వొచ్చింది, ఆమెకు ఏడుపొచ్చింది. తర్వాత అటుది ఇటూ, ఇటుది అటూ మారింది.

"తెలివైనవాళ్లమని ఎంత పేరు మనకు" అంది ఆమె ముక్కు తుడుచుకుంటూ. "సరే. వరండాలో అయితే చేసుకుంటాను. కమిటీ సంగతి నేను చూసుకుంటాను. పోరాడితే వస్తుందటగా."

"నువ్వు మొక్కుకో కూడా. రెండువైపుల నుంచీ ప్రయత్నిద్దాం."

అప్పుడే వీధిలో స్కూటీ ఆగింది. కూతురు దిగి, తండ్రి మంచి చొక్కా నిండా సున్నం మరకలు చూసింది, ఇద్దరి తడి కళ్లూ చూసింది. ఆకాశం వైపు చూపించి, మబ్బు పడుతోంది, వాన వచ్చేలోగా మిగిలింది కానివ్వమంది. పెయింటర్ లేచి నిచ్చెన ఎక్కబోయాడు.

"పిన్నీ, నాన్నకు కాళ్లు వణుకుతున్నాయి. నిచ్చెన గట్టిగా పట్టుకోండి" అంది కూతురు.

ఆ పిలుపుకు టీచరు ఒక్క క్షణం ఆ అమ్మాయి ముఖంలోకి చూసింది. తర్వాత రెండు చేతులతో నిచ్చెన పట్టుకుంది.

సగం మెట్లెక్కి, అతను తన అక్షరాల దగ్గర ఆగాడు. కుంచె తడిపాడు గానీ చేయి ముందుకు సాగలేదు. ఒక్క ముక్క ఉంచేద్దామా, నువ్వు పోట్లాడుకోవడానికి ఉంటుంది అని కిందికి అడిగాడు.

"అక్కర్లేదు, చెరిపెయ్యి" అంది ఆమె. "ఇక ఇంట్లో నువ్వే ఉంటావుగా."

అతను తల ఊపి, నిచ్చెనకు తగిలించిన బకెట్టులో వంగి కుంచె ముంచబోతుంటే, ఆమె ఒక చేత్తో నిచ్చెన వదలకుండానే రెండో చేత్తో బకెట్టు పక్కకు లాగింది.

"ఆగు. ఈసారి బంక కలుపు."