బట్టీలో పిలిచిన గొంతు

వాడిపట్టి దాటి కొంచెం దూరం పోతే, రోడ్డుకు లోపలగా మూతపడిన ఇటుకల బట్టీ ఒకటి ఉంది. చీకటి పడ్డాక అటు మనిషన్నవాడు పోడు. బండ్లవాళ్ళు కూడా అక్కడికి రాగానే హారన్ కొట్టుకుంటూ, పక్కకు చూడకుండా లాగించేస్తారు.

లోపల్నుంచి ఎవరో పిలుస్తారంట. మాట సరిగా అందదు... చివర్లో "అమ్మా" అన్నది మాత్రం తెలుస్తుందంట.

ఇది నాకు చెప్పింది ఆనంది. పట్నంలో, ఆర్.ఎస్. పురంలో ఇద్దరం ఒకే బట్టల షాపులో పని చేస్తున్నాం. ఆ బట్టీలో చచ్చిపోయినవాడు ఆమె తమ్ముడు, జీవ.

జీవ అక్కడ ఇటుకలు మోసేవాడు. పొన్నుసామి అనే ట్రాక్టర్ డ్రైవర్ ఒకరోజు బాగా తాగి, వెనక చూడకుండా రివర్స్ తీశాడు. జీవ చక్రాల కింద పడ్డాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. పొన్నుసామి జైలుకు పోయాడు. బట్టీ మూతపడింది.

వాళ్ళమ్మ మూకాయి. వాడిపట్టిలోని వాళ్ళ వీధిలో అందరిదీ ఇంట్లో తెలుగే, బయట తమిళం. వీధి చివర చిన్న చర్చి. కొడుకును పాతిపెట్టిన నాటి నుంచి మూకాయి ప్రభు భోజనం ముట్టలేదు. అందరూ రొట్టె కోసం లేచి ముందుకు పోతుంటే, తను గోడవైపు చూస్తూ కూర్చుంటుంది. ప్రార్థనలో ఇతరులను క్షమించే మాట వచ్చేసరికి నోరు మూసుకుంటుంది.

చర్చి అయ్యగారు అడిగితే ఒకటే అంది— "దేవుని ఎదుట అబద్ధమాడమంటారా అయ్యా?"

అట్లాంటి మనిషి చెవిన ఈ గొంతు సంగతి పడింది. ఆ సాయంత్రం ప్రార్థన ముగియగానే ఆమె చెప్పులేసుకుంది.

"పోవద్దుమా," అంది, సెలవుకు ఇంటికొచ్చిన ఆనంది. "చచ్చినోళ్ళు తిరిగి రారని నువ్వే కదా చెప్తావు?"

"రారు. అయినా అమ్మా అని పిలస్తా ఉంటే ఇంట్లో ఎట్ల కూర్చునేది?"

ఆనంది వెంట పోక తప్పలేదు. ఇద్దరూ రోడ్డు దిగారు. ఫోను వెలుతురు నాలుగడుగుల మేర తప్ప పడటంలేదు. కాళ్ళ కింద ఇటుక ముక్కలు కరకరలాడుతున్నాయి. గాలి లేదు. పురుగు సద్దు కూడా లేదు...

అప్పుడు వినపడింది. ఏడుపు.

గోడ పక్కన ఏదో ముడుచుకొని ఉంది. ముసుగు... నల్లగా... కదిలింది.

"జీవా..." అంది మూకాయి, గుసగుసగా.

అది మెల్లగా లేచింది. ముసుగు జారింది. ఆనంది వెలుతురు ఎత్తింది— నెరిసిన గడ్డం, గుంటలు పడిన కళ్ళు.

పొన్నుసామి!

వాడు తమిళుడు. తెలుగు ముక్క రాదు. "మన్నిచ్చిడుంగ అక్కా..." అని తమిళంలోనే క్షమాపణ అడుగుతూ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "మీ ఇంటికే బయల్దేరినాను. ధైర్యం చాలలేదు. ముందు ఇక్కడ పిల్లోణ్ణి అడిగి, తర్వాత మీ దగ్గరికి..."

మూకాయి వంగింది. లేచేసరికి ఆమె చేతిలో ఇటుక ఉంది.

పొన్నుసామి పారిపోలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. తల వంచాడు.

ఎంతసేపు అట్లా నిలబడిందో... ఇటుక ఆమె కాళ్ళ దగ్గరే పడింది.

"నా కొడుకు కోసం వచ్చినాను," అంది మూకాయి, వాడికి తెలిసేలా తమిళంలో. "నువ్వుండావు ఇక్కడ." కింద పడిన ఇటుకను ఒకసారి చూసింది. "క్షమించినాను. నోటితో చెప్తా ఉండాను. మనసుకు ఇంకా చేతకాలేదు. దానికి నేనే దేవుణ్ణి అడుక్కోవాల."

వాడు నేలకు తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆనందికి అప్పుడు భయం వదిలింది. ఊరంతా జడుసుకున్న దెయ్యం వీడా!

"ఇంక రోజూ వచ్చి ఇట్ల ఏడవద్దు," అంది ఆనంది, తనూ తమిళంలోనే. "జనం భయపడతా ఉండారు."

పొన్నుసామి అయోమయంగా తలెత్తాడు. "రోజూనా? జైలు విడిచినాక నేను బోడినాయకనూరులోనే ఉండాను తల్లీ. ఈ పక్కకు రావడం ఇదే మొదటిసారి. ఇప్పుడే బస్సు దిగినాను."

పొన్నుసామి బట్టీ లోపలికి చూశాడు.

"ఇందాక లోపల్నుంచి పిలిచింది... మీరు కాదా అక్కా?"

"ఏమని పిలిచింది?" అంది మూకాయి.

వాడు తనకు రాని మాటను కూడబలుక్కున్నాడు. "వ... వదిలెయ్... వదిలెయ్యమ్మా. అంటే ఏమక్కా?"

ఆనంది అమ్మ చెయ్యి పట్టుకుంది.

మూకాయి బట్టీ లోపలి చీకటివైపు తిరిగింది.

"నాతోనే అన్నాడు," అంది తెలుగులో. "నాతోనే..."